జి. డి. నాయుడు

కోయంబత్తూరు నగరమునకు తూర్పున, సూలూరు ప్రాంతమున, కలంగల్ అను చిన్న పల్లె కలదు. ఆ పల్లెలో గోపాలస్వామి నాయుడను రైతు ఇంట 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన ఒక శిశువు జన్మించెను. తల్లిదండ్రు లాతనికి దొరస్వామి యని పేరిడిరి. పెక్కు తరములకు పూర్వము తెలుగుసీమ విడిచి దక్షిణమునకు తరలిపోయి, అచ్చట భూములు సేద్యము చేసికొనుచు, ఇంటిలో తెలుగును వీథిలో తమిళమును మాటాడుచు జీవించు కుటుంబములలో వారిది యొకటి. తరువాతి కాలమున దేశమంతట జి. డి. నాయుడుగారని పేరొందిన వారు ఈ దొరస్వామియే.

దొరస్వామి పసితనముననే తల్లిని గోల్పోయెను. తండ్రి అతనిని బడికి పంపెను గాని ఆ చదువు ప్రాథమిక తరగతులు దాటలేదు. చెప్పినదే వల్లించుట, వ్రాసినదే వ్రాయుట అతని స్వభావమునకు సరిపడలేదు. బడి మానిన పిల్లవాడు పొలమునకు పోయెను. అయినను తనంతట తాను చదువుకొనుట మాత్రము మానలేదు.

ఒకనాడు ఆంగ్లేయాధికారి యొకడు మోటారుసైకిలు నెక్కి ఆ ప్రాంతమునకు వచ్చెను. అది ఇంగ్లండునందలి కోవెంట్రీ నగరమున తయారైన రడ్జి వాహనము. ఎద్దులు లేవు, గుఱ్ఱము లేదు, త్రొక్కువారును లేరు. బండి మాత్రము పరుగెత్తుచున్నది. ఆ దృశ్యము దొరస్వామి మనస్సున గాఢముగా నాటుకొనెను. దాని నెక్కవలెనను కోరికకంటె దానిలోపల నేమున్నదో చూడవలెనను కోరిక అతనికి బలవత్తరమయ్యెను. కాని చూడవలెననిన అది తనది కావలెను గదా! ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి అతడొక హోటలులో వడ్డించు పనికి కుదిరెను. దమ్మిడీ దమ్మిడీ కూడబెట్టెను. తుదకు ఆ అధికారియొద్దనే ఆ మోటారుసైకిలును కొనెను.

క్రొత్త బండిని కొన్నవాడు దానినెక్కి నలుగురిలో తిరుగుట లోకసహజము. దొరస్వామి చేసిన పని వేరు. అతడు దానిని భాగము భాగముగా విప్పి, ఏది దేనితో సంధింపబడినదో, ఏది తిరిగిన ఏది కదలునో పరికించి, మరల యథాప్రకారముగ బిగించెను. నేర్పుటకు గురువు లేడు. తప్పు బిగించినచో బండి కదలకపోవుటయే గురువు పెట్టు శిక్ష. ఈ విధమున అతడు కొలదికాలములోనే మెకానిక్కు పనిలో చక్కని నేర్పు సంపాదించెను.

పిమ్మట కొంతకాలము అతడు తిరుప్పూరునందు ప్రత్తి వ్యాపారమున దిగి ధనము గడించెను. ఆ ధైర్యముతో బొంబాయికి పోయి పెద్ద బేరములకు పూనుకొని, గడించినదంతయు పోగొట్టుకొని వట్టిచేతులతో స్వస్థలము చేరెను. ప్రత్తి ధరలు అతని మాట వినలేదు. యంత్రములైనచో వినునని అతనికి తెలియును.

కోయంబత్తూరునందు రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయ వర్తకుడుండెను. ఉదారుడని పేరుపొందినవాడు. ఆయన సహాయముతో నాయుడుగారు 1920వ సంవత్సరమున ఒక మోటారుబస్సును సంపాదించి, పొల్లాచ్చి, పళని పట్టణముల మధ్య దానిని తామే నడపసాగిరి. పంచారామములలో నొకటియగు ద్రాక్షారామమునకు భీమేశ్వరస్వామి దర్శనార్థము భక్తులు వచ్చునట్లే, పళని కొండమీది కుమారస్వామి దర్శనార్థము నిత్యము యాత్రికులు వచ్చుచుందురు. పొల్లాచ్చినుండి ఉడుమలపేట మీదుగా పళనికి గల దూరము, ద్రాక్షారామమునుండి కాకినాడకు పోయి మరలివచ్చినంత యుండును. ఈనాడది పెద్ద ప్రయాణము కాదు. ఎద్దుబండిలో పోవువారికి అది రెండు దినముల మాట. కావున బస్సునకు జనము కొఱతలేదు. బస్సు దారిలో ఆగకుండ నడచుటయే కావలసినది. బండి నిలిచినచో యాత్రికులకు దర్శనము తప్పును. అప్పుపడి బండి కొన్నవానికి బ్రతుకే తప్పును.

ఆ రోజులలో బస్సు నడుపువాడే దాని మెకానిక్కు కావలసియుండెను. దారిలో బండి నిలిచిన యెడల పిలిచినంతనే వచ్చు వారెవ్వరును లేరు. ఇంజను ముందుభాగమున ఇనుపకడ్డీ దూర్చి చేతితో త్రిప్పినగాని అది మేల్కొనెడిది కాదు. చక్రము విఱిగినను, టైరు పగిలినను కష్టమే గాని, ఆ కష్టము కంటికి కనబడును. కనబడని కష్టము విద్యుత్తు వలన కలిగెడిది.

మోటారు ఇంజనులోనికి పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ప్రవేశించును. దానిని మండించుటకు సరియైన క్షణమున ఒక చిన్న నిప్పురవ్వ కావలెను. ఇంజనుతోపాటు తిరుగుచు విద్యుత్తును పుట్టించు మాగ్నెటో గాని, బ్యాటరీతో పనిచేయు కాయిలు గాని ఆ విద్యుత్తును ఒసగును. అది తీగగుండ పోయి స్పార్కు ప్లగ్గు కొనయందు రవ్వయై ఎగురును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 1000 సార్లు తిరుగుచున్నచో, ఆ నిమిషములో 2000 రవ్వలు పుట్టవలెను. వానిలో కొన్ని తప్పినను ఇంజను దగ్గుచున్న ముసలివానివలె ఎగసిపడుచు నడచును. అన్నియు తప్పినచో నిలిచిపోవును.

తీగ పూర్తిగ తెగినదనుకొనుడు. ఆ దోషము స్థిరమైనది. వెదకినచో దొరకును. ఉండియు ఉండక బాధించు దోషము అట్టిది కాదు. అది దినము విడిచి దినము వచ్చు చలిజ్వరము వంటిది. వైద్యుడు వచ్చుసరికి రోగి చక్కగ కూర్చుండి మాటాడుచుండును. వైద్యుడు గడప దాటగానే వణకు మొదలగును. బండియు అంతే. చెట్టునీడను నిలిపి మూత యెత్తి చూచినచో ఇంజను చక్కగ తిరుగును. మూత దించి నాలుగు మైళ్ళు పోగానే మరల అదే దగ్గు.

ఇందులకు కారణములు లేకపోలేదు. ఆనాటి తీగలకు రబ్బరును నూలుగుడ్డయు తొడుగుగా నుండెడివి. బండి అదరినప్పుడెల్ల తీగ ఇనుపచట్రమును రాచుకొని రాచుకొని తొడుగు అరగిపోవును. చక్రము గుంటలో పడినప్పుడు లోని రాగి ఇనుమును తాకును. విద్యుత్తు ప్లగ్గునకు పోక అడ్డదారిని ఇనుములోనికి జారిపోవును. గుంట దాటగానే తీగ మరల దూరముగ జరుగును. రవ్వ మరల వచ్చును. ఇది యొక విధము. బ్యాటరీ కొనలయందు చిలుము పట్టుట మఱియొక విధము. చిలుము గుండ స్వల్పమైన విద్యుత్తు పోగలదు గాని అధికముగ పోజాలదు; కావున చిన్న దీపము వెలుగుచునే యుండును, పెద్ద పనికి మాత్రము శక్తి చాలదు. కాయిలు లోపల వెండ్రుకవలె సన్నని తీగ చుట్టలు చుట్టలుగ నుండును. అది యొకచోట చిట్లియున్నచో చల్లగ నున్నంతసేపు కొనలు రెండును కలిసియే యుండి, వేడెక్కగానే విడివడును. అట్టి బండి పది మైళ్ళు నడచి ఆగును. అరగంట విశ్రమించి మరల నడచును. తెలియనివారు ఇంజనునకు అలసట కలిగినదనుకొందురు.

అన్నిటికంటె మోసకరమైనది ఎర్తు తీగ సంగతి. బ్యాటరీతో పనిచేయు బండ్లలో విద్యుత్తు పోవుటకు తీగ యుండును గాని, తిరిగివచ్చుటకు బండి ఇనుపశరీరమే దారి. ఆ దారిలో ఒక్క మరమేకు క్రింద తుప్పు పట్టినచో, ఒక దీపము వెలిగించగా మఱియొక దీపము మసకబారుట వంటి వింతలు కలుగును. చూచువాడు దీపమును మార్చును, స్విచ్చిని మార్చును, క్రొత్త తీగ వేయును. దోషము మాత్రము తుప్పుపట్టిన మేకు క్రింద క్షేమముగ నుండును.

ఇట్టి దోషమును పట్టుటకు చేతి నేర్పుకంటె ఓర్పు ముఖ్యము. ముందుగ లోపము పెట్రోలుదా, రవ్వదా అని తేల్చుకొనవలెను. బండి ఎప్పుడు ఆగుచున్నది? వేడెక్కిన పిమ్మటనా, వాన తడిసినప్పుడా, గతుకులలోనా? ఆ సమయమును గుర్తించినచో సగము దారి గడచినట్లే. దోషము కనబడనప్పుడు వెదకుట వ్యర్థము కావున, దానిని రప్పించియే పట్టవలెను. గతుకులలో వచ్చునదైనచో ఇంజను తిరుగుచుండగా తీగల నొక్కొక్కటిగ కొయ్యపుల్లతో కదల్చి చూతురు; ఏ తీగను కదల్చినప్పుడు ఇంజను తడబడునో ఆ తీగయే దొంగ. తేమ వలన వచ్చునదైనచో చీకటిలో మూత యెత్తి చూతురు. పగలు కనబడని నీలిరవ్వ తీగ తొడుగుమీద చీమవలె ప్రాకుచు కనబడును. చిన్న బల్బునకు రెండు తీగలు కట్టి, బ్యాటరీనుండి మొదలిడి క్రమముగ ఒక్కొక్క చోట తాకించుచు పోయినచో, ఎచ్చట వెలుగు ఆగునో అచ్చటనే తెగుదల. అన్నిటిని మించిన నియమము మఱియొకటి కలదు. ఒకసారికి ఒక్క భాగమునే మార్చవలెను. నాలుగింటిని ఒక్కసారి మార్చినవాడు బండిని బాగుచేయవచ్చును గాని, ఏది చెడినదో ఎన్నటికిని తెలిసికొనజాలడు. మరునాడు అదే దోషము వచ్చినచో అతడు మొదటికే వచ్చును.

మోటారుబండ్లు పుట్టిన తొలినాటనే ఈ తీగల బెడద పుట్టినది. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను వనిత, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిలో ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్‌జ్‌హైమ్ వరకు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసెను. అంతకు పూర్వము మోటారుబండిలో అంతదూరము పోయినవారు లేరు. దారిలో తీగ తొడుగు అరగి విద్యుత్తు వృథాగా పోవుచుండగా, ఆమె తన మేజోటికి కట్టుకొను పట్టీని విప్పి ఆ తీగకు చుట్టి ప్రయాణము సాగించెనని చెప్పుదురు. పెట్రోలు గొట్టము పూడుకొనగా టోపీ సూదితో దానిని శుభ్రపఱచెనట. ఆ ఇల్లాలికి తెలిసిన వైద్యమే ముప్పదిరెండేండ్ల పిమ్మట పొల్లాచ్చి దారిలో బండి నడుపువారికిని పనికివచ్చెను.

మోటారుసైకిలును విప్పి బిగించిన చేతులకు బస్సు క్రొత్తది కాదు. నాయుడుగారి బండి నిలుకడగ నడచెను. ఒక బస్సు రెండయ్యెను, రెండు పదులయ్యెను. యూనివర్సల్ మోటారు సర్వీసు అను పేర ఆయన స్థాపించిన సంస్థ కొలది సంవత్సరములలోనే దేశమునందు మిక్కిలి సమర్థముగ నడచు బస్సు సంస్థలలో నొకటిగ పేరొందెను. అనేక బస్సులు కలిగినవానికి ఒక బస్సు కలిగినవానికంటె చిక్కు లధికము. ఒక్క బండి నడుపువాడు దాని ప్రతి శబ్దమును ఎఱుగును. వందలాది తీగలు, వందలాది మేకులు వేరువేరు చేతులలో నున్నప్పుడు, దోషము వచ్చిన పిమ్మట వెదకుటకంటె రాకముందే పరీక్షించుట మేలు. యంత్రముల పరీక్షకు పనికివచ్చు సాధనములను కల్పించుటలో నాయుడుగారికి గల ఆసక్తి ఇట్టి యవసరములనుండి పెరిగినదే యనవచ్చును.

1930 తరువాత కోయంబత్తూరు సీమ రూపు మారెను. నీలగిరులయందలి పైకారా జలవిద్యుత్కేంద్రము 1932లో పనిచేయ నారంభించగా, మిల్లులకును, రైతుల బావులకును విద్యుత్తు రాసాగెను. విద్యుత్తు వచ్చినది గాని దానితో తిరుగు మోటార్లు మాత్రము విదేశములనుండి రావలసియుండెను. చెడినచో వాని భాగములును అచ్చటినుండియే రావలెను. నాయుడుగారు డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి పీలమేడునందలి తమ నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు కర్మాగారమున 1937వ సంవత్సరమున విద్యుత్ మోటారును తయారుచేసిరి. మన దేశమున స్వదేశీయముగ తయారైన మొదటి మోటారు అదియేనని ప్రసిద్ధి. బాలసుందరం నాయుడుగారు పిమ్మట టెక్స్‌టూల్ అను ప్రఖ్యాత సంస్థను నెలకొల్పిరి. నేడు కోయంబత్తూరు పేరు చెప్పగానే రైతునకు నీటిపంపు గుర్తునకు వచ్చుటకు ఆనాటి ఆ ప్రయత్నము మొదటి మెట్టు.

నాయుడుగారి బుద్ధి ఒక్కచోట నిలుచునది కాదు. చిన్న మోటారుతో, పొడి బ్యాటరీలతో పనిచేయు క్షురయంత్రము, మిక్కిలి పలుచని గడ్డపుకత్తులు, కిరోసినుతో తిరుగు పంకా, పండ్లరసము తీయు యంత్రము, మోసమునకు వీలులేని ఓటు యంత్రము మొదలగునవి ఆయన కల్పనలు. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించిరి. రేడియో ధనికుల ఇండ్లకే పరిమితమైయున్న దినములవి. ఛాయాచిత్రములు తీయుటయందును ఆయనకు ప్రీతి మెండు. 1936 జనవరిలో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయముగ చలనచిత్రముగ తీసిరి. తోటలో ప్రత్తి, బొప్పాయి మొదలగు పంటలమీద ప్రయోగములు చేసిరి. సర్ సి. వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారలు ఆ తోటను దర్శించిరి. శాసనసభ ఎన్నికలలో నిలిచి ఓడిపోయిరి. అది వారికి తగిన రంగము కాదు.

ఆయన కృషిలో మిక్కిలి విచారము గొలుపు ఘట్టము 1952లో జరిగెను. ఆ సంవత్సరము ఇద్దరు కూర్చుండదగిన పెట్రోలు కారొకటి ఆయన కర్మాగారమునుండి వెలువడెను. దాని వెల 2000 రూపాయలు. చిన్న ఉద్యోగి, చిన్న రైతు సైతము ఆశింపదగిన కారు అది. కాని పరిశ్రమ నెలకొల్పుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలసిన కాలమది. లైసెన్సు లభింపలేదు; కార్ల తయారీ నిలిచిపోయెను. ప్రభుత్వమునకు తన కారణములు తనకుండవచ్చును. దేశమున ఉక్కు కొఱత, విదేశద్రవ్యపు కొఱత ఉండినమాట నిజము. అయినను, ఆ కారు వీథులలో నడచియుండినచో ఎట్లుండెడిదో చూచు భాగ్యము జనులకు లేకపోయెను. తీగలో లోపమున్నచో వెదకి పట్టగల నేర్పరికి, కాగితములో ఆగిన బండిని కదల్చుట సాధ్యము కాలేదు.

విద్యావిషయమున నాయుడుగారి అభిప్రాయములు తీవ్రమైనవి. బడి చదువు లేని ఆయనయే కోయంబత్తూరునందు ఇంజనీరింగు విద్యకు పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. 1944లో మోటారు వ్యాపారమునుండి విరమించి, పరిశోధన చేయువారికి వేతనములు, కార్మికులకు సంక్షేమ పథకములు ఏర్పఱచిరి. ఆయన కృషివలనను విరాళమువలనను 1945లో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్కు, దానితోపాటు ఇంజనీరింగు కళాశాలయు ఏర్పడినవి. వానికి ఆయన కొంతకాలము అధిపతిగ పనిచేసిరి. నాలుగేండ్ల చదువు అనవసరమనియు, చేతితో పని చేయించుచు బోధించినచో రెండేండ్లు చాలుననియు ఆయన వాదించిరి. ప్రభుత్వ మందుల కంగీకరింపకపోగా ఆ పదవిని వదలుకొనిరి. గణితము, విజ్ఞానశాస్త్రము లోతుగ అభ్యసింపవలసిన విద్యకు రెండేండ్లు చాలునా యన్నది వివాదాస్పదమే. కాని ఇంజనీరు పట్టా పొంది స్పానరు పట్టుటకు సంకోచించువానిని చూచి ఆయన విసిగియుండినచో ఆశ్చర్యము లేదు. ఆ కళాశాలయే కాలక్రమమున ప్రభుత్వ సాంకేతిక కళాశాలయై నేటికిని నడచుచున్నది.

జీవితపు చివరి సంవత్సరములందును ఆయన పని మానలేదు. 1967లో పారిశ్రామిక కార్మిక సంక్షేమ సంఘమును స్థాపించిరి. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన, తమ ఎనుబదేండ్ల వయస్సున, నాయుడుగారు పరమపదించిరి. కోయంబత్తూరులో అవినాశి రోడ్డునందు వారి పేర గల ప్రదర్శనశాలలో ఆయన కల్పించిన యంత్రములను నేటికిని చూడవచ్చును. ఆ ఆవరణముననే 2015లో వారి కుటుంబమువారు పాతకాలపు మోటారుకార్లకు ప్రత్యేకముగ నొక శాలను తెరచిరి. పాఠశాలల పిల్లలు గుంపులుగ వచ్చి ఆ కార్లచుట్టు తిరిగి చూచి పోవుచుందురు.